‘మనసు బాగుండాలి’ నుంచి మంగళవారం సాయంత్రం దాకా: లక్ష్యాలు పెట్టుకునే పద్ధతి

“మనసు బాగుంటే చాలండి. ఇంకేం వద్దండి.”

కౌన్సెలింగ్‌కి మొదటిసారి వచ్చినవాళ్ళలో చాలామంది అనే మాట ఇది. భీమవరం అవతల చెరువులున్న రైతు అంటాడు. రాజోలు నుంచి కొడుకుని వెంటబెట్టుకొచ్చిన తల్లి అంటుంది. కువైట్ నుంచి తిరిగొచ్చి ఏడాదిగా గది దాటని ఆడమనిషి అంటుంది. ఆ మాట నిజమే. కాకపోతే రేపు పొద్దున్న లేచి ఏం చెయ్యాలో అది చెప్పదు. వారం తిరిగాక ఎంత దూరం వచ్చామో చూసుకోడానికీ పనికిరాదు. అందుకే ఎప్పుడు చూసుకున్నా ఏమీ మారలేదనే తోస్తుంది.

డెల్టాలో ఒక చిన్న పట్నంలో నేను చేసే పని ఇదే: ఎదురుగా కూర్చున్న మనిషితో కలిసి ఆ ఒక్క వాక్యాన్ని విప్పి, మంగళవారం సాయంత్రం చెయ్యగలిగిన పనిగా మార్చడం. అదెలా చేస్తామో మెట్టు మెట్టుగా రాస్తున్నాను. థెరపీకి వెళ్తున్నవాళ్ళకీ, వెళ్ళాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ళకీ, ఇంట్లో తమంతట తాము ఏదైనా మార్చుకుందామనుకునేవాళ్ళకీ పనికొస్తుంది. ఇందులో కనిపించే మనుషులు ఎవరూ అచ్చంగా ఒకరు కారు. నలుగురైదుగురి కథలు కలిపి, ఆనవాళ్ళు మార్చాను.

1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఒక మాట చెప్పాడు. థెరపీ నిలబడాలంటే ఇద్దరి మధ్య మూడు కుదరాలి: ఎటు వెళ్తున్నాం అన్నదాని మీద ఒప్పందం, అందుకు ఏం చేద్దాం అన్నదాని మీద ఒప్పందం, ఒకరి మీద ఒకరికి నమ్మకం. మన వైపు మూడోది తొందరగానే కుదురుతుంది. “మేడంగారూ, మీరేం చెప్తే అదే చేత్తానండి, ఆయ్” అంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. నేను చెప్పింది చేస్తే అది నా లక్ష్యం. మీది ఇంకా బయటికి రాలేదన్నమాట.

అన్నిటికన్నా ముందు

చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే లక్ష్యాల సంగతి తర్వాత చూద్దాం. 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలి మానస్, 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఆ రోజే బయటికి తీయించి, వేరొకరి తాళం కింద పెట్టించండి. వ్యవసాయం ఉన్న ఇళ్ళలో ఈ ఒక్క జాగ్రత్త ప్రాణం నిలబెడుతుంది. ఆ గడ్డు గంట దాటడానికి కావలసింది చాలాసార్లు ఆ కాస్త దూరమే.

రోజూ గట్టిగా తాగేవాళ్ళకి ఇంకో మాట. “రేపట్నించి చుక్క ముట్టను” అని హఠాత్తుగా మానెయ్యకండి. ఏళ్ళ తరబడి తాగిన ఒంటికి ఉన్నట్టుండి మందు ఆగిపోతే వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. ప్రాణం మీదకీ రావచ్చు. డాక్టరు చూస్తుండగా మానాలి.

1. ఇది ఎవరి కోరిక?

కువైట్ నుంచి వచ్చినావిడ దగ్గర మొదలుపెడతాను. తొమ్మిదేళ్ళు అక్కడ ఇంటిపని చేసింది. ఆ డబ్బుతో ఇల్లు లేచింది, అప్పు తీరింది, కూతురు డిగ్రీకి వచ్చింది. తిరిగొచ్చాక నిద్ర లేదు, ఆకలి లేదు, నలుగురిలోకి రాదు. మొదటి రోజు ఆవిడతో పాటు ముగ్గురు వచ్చారు. “మామూలు మనిషవ్వాలండి” అన్నాడు భర్త. “పిల్ల పెళ్ళి లోపు తేరుకోవాలండి” అంది అత్తగారు. “మళ్ళీ వీసా వచ్చేలోపు” అని ఆగిపోయాడు తమ్ముడు. ఆవిడ నేల చూస్తూ కూర్చుంది.

అప్పటికే అక్కడ మూడు లక్ష్యాలున్నాయి. ఒక్కటీ ఆవిడది కాదు.

ఒక నోట్‌బుక్ తీసుకోండి. పేజీని నిలువుగా మూడు భాగాలు చెయ్యండి. మొదటి దాంట్లో ఏమేం మారాలనుకుంటున్నారో అన్నీ రాసేయండి, వడపోత వద్దు. రెండో దాంట్లో ఆ మాట మొదట ఎవరి నోటి నుంచి విన్నారో రాయండి: అమ్మ, ఆయన, డాక్టరు, బడిలో మాస్టారు, మీరే. మూడో దాంట్లో ఈ ప్రశ్నకి జవాబు రాయండి: “ఇది నేను సాధించానని ఊళ్ళో ఒక్కరికీ తెలియదనుకో, అప్పుడూ కావాలా?”

ఈ ప్రశ్న మన దగ్గర గట్టిగా పనిచేస్తుంది. నలుగురూ ఏమనుకుంటారో అన్నది మన లక్ష్యాల్లో సగం రాసేస్తుంది కాబట్టి. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు దశాబ్దాలుగా చేసిన పరిశోధన కూడా ఇటే చూపిస్తుంది: మాట పడతామన్న భయంతోనో సిగ్గుతోనో పట్టుకున్న పనికన్నా, తనదనుకున్న పనిలోనే మనిషి ఎక్కువకాలం నిలబడతాడు.

అయితే ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. పుస్తకాలు చదివొచ్చిన కొత్తలో నేను ఇంట్లోవాళ్ళు చెప్పిందల్లా పరాయిదే అనుకునేదాన్ని. అది తప్పు. కూతురి పెళ్ళి నాటికి లేచి తిరగాలన్నది అత్తగారు మొదట అన్న మాటే. మూడో వారంలో అదే మాట ఆవిడ తన గొంతుతో, వేరేలా అంది: “పీటల మీద కూర్చున్నప్పుడు నా బిడ్డ నన్ను చూసి భయపడకూడదండి.” పుట్టింది వేరే నోట్లో అయినా, ఇప్పుడది ఆవిడ సొంతం. మూడో గడిలో ‘కావాలి’ అని రాయగలిగితే రెండో గడిలో ఎవరి పేరున్నా పర్వాలేదు.

ఇంటిల్లిపాదీ సెషన్‌లో కూర్చుంటే ఈ గడులు నిండవు. కాసేపు విడిగా మాట్లాడాలని అడగండి. మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకిచ్చింది. అడగడం అమర్యాద కాదు.

2. దిక్కు వేరు, మజిలీ వేరు

“మంచి తండ్రిగా ఉండాలి” అన్నది ఎప్పటికీ పూర్తి కాదు. అది దిక్కు. “ఆదివారం సాయంత్రం ఫోన్ ఇంట్లో పెట్టేసి, కొడుకుని తీసుకుని కాలవ గట్టు మీద లాకుల దాకా నడవాలి” అన్నది పూర్తవుతుంది. అది మజిలీ. రెండూ కావాలి. దిక్కు లేని మజిలీలు నాలుగు రోజుల్లో విసుగు పుట్టిస్తాయి. మజిలీ లేని దిక్కు పండగ పూట తీసుకునే తీర్మానంలా మిగిలిపోతుంది. నోట్‌బుక్‌లో ఒక్కో లక్ష్యం పైన దాని దిక్కేదో ఒక మాటలో రాసుకోండి. ఇంతకన్నా దీని గురించి చెప్పాల్సింది లేదు.

3. ‘వద్దు’లని ‘చేస్తాను’లుగా తిప్పడం

మనుషులు తెచ్చే లక్ష్యాల్లో ఎక్కువ భాగం ‘వద్దు’లే. కోపం రాకూడదు. ఆలోచనలు రాకూడదు. ఏడవకూడదు. ఆగ్డెన్ లిండ్స్లీ అనే ప్రవర్తనా శాస్త్రవేత్త 1960ల్లో దీనికో మొరటు పరీక్ష పెట్టాడు: చచ్చినవాడు చెయ్యగలిగింది ఏదైనా సరే, దాన్ని లక్ష్యంగా పెట్టుకోకు. శవానికి కోపం రాదు, ఆలోచనా రాదు, ఏడుపూ రాదు. బతికున్న మనిషి మాత్రమే చెయ్యగలిగేది ఏమిటో వెతకాలి.

వెతకడానికి నాకు బాగా అక్కరకొచ్చే ప్రశ్న స్టీవ్ డిషేజర్, ఇన్సూ కిమ్ బెర్గ్ దంపతుల పద్ధతిలోది. అమెరికాలోని మిల్వాకీ నగరంలో క్లుప్త చికిత్సకి, అంటే కొద్ది సెషన్లలో ముగిసే చికిత్సకి, రూపం ఇచ్చినవాళ్ళు. నేను దాన్ని మన మాటల్లో ఇలా అడుగుతాను:

“ఈ రాత్రి మీరు పడుకుంటారు. మీకు తెలియకుండానే ఈ కష్టం తీరిపోయింది అనుకోండి. పొద్దున్న లేచాక మీ ఇంట్లో ఎవరు ముందు కనిపెడతారు? ఏం చూసి కనిపెడతారు?”

రొయ్యల రైతుని ఇదే అడిగాను. ఏడెకరాల చెరువు, వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులుతో పోయాయి. వచ్చిన రోజు నుంచీ అప్పు అంకెలే చెప్తున్నాడు. ఈ ప్రశ్నకి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “మా ఆవిడ కనిపెడతాదండి. చెరువు కాడ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కూకుని టీ తాగుతాను. ఇప్పుడు నిలబడే తాగేసి పోతన్నానండి.”

“ఎన్నాళ్ళయింది కూర్చుని?”

“మొదటి పంట పోయిన కాణ్ణించండి.”

ఆ రోజు మేము రాసుకున్న మొదటి లక్ష్యం అదే: రోజూ పొద్దున్న కూర్చుని టీ తాగడం. అప్పు అలాగే ఉంది. కానీ అతని బతుకులో ఒక చోట పరుగు ఆగాలి, ఆ చోటేదో అతనే చూపించాడు. నేను వందసార్లు ఆలోచించినా టీ దగ్గరికి వచ్చేదాన్ని కాదు.

ఇంట్లో మీకు మీరే ఈ ప్రశ్న వేసుకునేటప్పుడు, వచ్చిన జవాబు ఒక ఫొటోలో పడుతుందా అని చూసుకోండి. ‘ప్రశాంతంగా ఉంటాను’ అన్నది ఫొటోలో పడదు. కూర్చున్న మనిషి, చేతిలో గ్లాసు పడతాయి.

4. చేతిలో ఉన్నదేదో, లేనిదేదో

కాలవ చివర శివారు భూములున్న రైతుకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాలవలకి ఎన్ని నీళ్ళు వదులుతారో అతని చేతిలో లేదు. పైనున్నవాళ్ళు ఎంత తోడుకుంటారో అతని చేతిలో లేదు. తన బోదెలో, అంటే పొలానికి నీళ్ళొచ్చే చిన్న కాలవలో, పూడిక తీసుకోవడం, వంతు రోజున గట్టు మీద ఉండడం అతని చేతిలో ఉన్నాయి. లక్ష్యం బోదె దగ్గర ఉండాలి. బ్యారేజీ దగ్గర పెడితే ఏడాది పొడుగునా కోపమే మిగులుతుంది.

‘నిద్ర పట్టాలి’ అన్నది బ్యారేజీ దగ్గరి లక్ష్యం. నిద్రని ఎంత రమ్మంటే అంత దూరం పోతుంది. లేచే వేళ మన చేతిలో ఉంది, రాత్రి ఎంతకి పట్టినా పొద్దున్న ఒకే వేళకి లేవచ్చు. ఇరవై నిమిషాలు దొర్లినా పట్టకపోతే లేచి వేరేచోట కూర్చుని, కళ్ళు మూతలు పడినప్పుడు మళ్ళీ మంచం ఎక్కవచ్చు. ఈ రెండూ నిద్రలేమికి వాడే చికిత్సలో మూలస్తంభాలు.

రొయ్యల రైతుకి ఇదీ నేరుగా కుదరలేదు. చెరువు నీళ్ళలో ఆక్సిజన్ తెల్లవారే ముందు బాగా పడిపోతుంది. ఆ వేళ నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ ఆగితే పంట పోయినట్టే. రాత్రి రెండింటికీ నాలుగింటికీ లేవడం అతని జబ్బు కాదు, అతని వృత్తి. పుస్తకంలో ఉన్న సలహా యథాతథంగా చెప్పి ఉంటే రెండో సెషన్‌కి వచ్చేవాడు కాదు. అందుకని అతని చేతిలో ఉన్నదాని కోసం వెతికాం. చెరువు మీద పనిచేసే కుర్రాడు నమ్మకస్తుడు. రాత్రి మార్చి రాత్రి అతను కాస్తే, వారంలో మూడు రాత్రులైనా రైతు ఇంట్లో పడుకోవచ్చు. “మనసొప్పదండి” అన్నాడు. అక్కడ అసలు సంగతి బయటపడింది: రెండో పంట పోయిన రాత్రి అతను ఇంట్లో నిద్రపోతున్నాడు. వైట్ స్పాట్ వైరస్ వల్ల వస్తుంది, కాపలా వల్ల ఆగదు. ఆ సంగతి అతనికి నాకన్నా బాగా తెలుసు. అయినా ఆ రాత్రి నేరం తన మీద వేసుకున్నాడు. మూడు రాత్రుల లక్ష్యం కాస్తా ఆ నేరభావం గురించి నాలుగు సెషన్ల మాటకి దారితీసింది.

లక్ష్యం దగ్గర మనిషి మొరాయించిన చోట బలవంతం చెయ్యకండి. థెరపీ చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

5. ఎంత, ఎప్పుడు, ఎక్కడ

లక్ష్యం ఖచ్చితంగా ఉండాలి, కొలతకి అందాలి, గడువుండాలి అన్న సూత్రాన్ని 1981లో జార్జ్ డోరన్ ‘స్మార్ట్’ అన్న పేరుతో ఒక మేనేజ్‌మెంట్ పత్రికలో రాశాడు. కంపెనీల కోసం రాసింది. ఇప్పుడు బడి గోడల మీద కూడా కనిపిస్తుంది.

మన దగ్గర ఈ సంగతి అంతకుముందే తెలుసు. ఆత్రేయపురం దగ్గర వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకునేవాళ్ళని చూడండి. ఎన్ని? ఏడు. ఎప్పుడు? శనివారం. ఎక్కడ? వాడపల్లి. ఏం చెయ్యాలి? ప్రదక్షిణలు. ఎవరికీ అనుమానం ఉండదు. ఎన్నో వారమో అడిగితే టక్కున చెప్తారు. మొక్కు తీర్చిన ప్రతివాళ్ళకీ లక్ష్యం పెట్టుకోవడం వచ్చు. “నాకు పట్టుదల లేదండి” అన్న ఒకావిడతో నేను ఇదే అన్నాను. ఆవిడ అప్పటికి రెండుసార్లు ఏడేసి వారాలు పూర్తిచేసింది.

కాకపోతే కుంగుబాటులో ఉన్న మనిషికి అంకె గుచ్చుకుంటుంది. ‘రోజూ అరగంట నడక’ అని రాసి, రెండో రోజు తప్పితే, తనని తిట్టుకోడానికి ఇంకో కారణం దొరుకుతుంది. అందుకని థామస్ కిరెసక్, రాబర్ట్ షెర్మన్ అనే పరిశోధకులు 1968లో ప్రతిపాదించిన అయిదు మెట్ల కొలత నాకిష్టం. ఒకే లక్ష్యాన్ని అయిదు స్థాయిల్లో రాస్తారు. మధ్యది సున్నా, అంటే న్యాయంగా ఆశించదగ్గది. కువైట్ నుంచి వచ్చినావిడ పెళ్ళికి ముందు నరసాపురం పక్క పల్లెలో లేసు అల్లేది. ఆవిడతో కలిసి, రెండు నెలల గడువుతో రాసింది ఇది:

−2: రోజంతా గదిలోనే ఉండడం. (ఆ రోజుకి ఉన్న స్థితి)
−1: వారంలో ఒక్కసారైనా సాయంత్రం అరుగు మీదకి రావడం.
0: వారంలో మూడు సాయంత్రాలు అరగంటసేపు అరుగు మీద కూర్చుని లేసు అల్లడం.
+1: ఆ మూడింటిలో ఒకరోజు పక్కింటావిడతో కలిసి కూర్చోవడం.
+2: దారం కోసం తనే లేసు ఏజెంటు ఇంటికి నడిచి వెళ్ళడం.

దీని గొప్పతనం −1లో ఉంది. ఒక్కసారి అరుగు మీదకి వచ్చిన వారం మామూలు లెక్కలో ఓటమి. ఈ లెక్కలో ఒక మెట్టు పైకి ఎక్కినట్టు. మొదటి మూడు వారాలూ ఆవిడ −1లోనే ఉంది. సూది పట్టుకుంటే చేతులు వణికాయి. నాలుగో వారం రెండు సాయంత్రాలు కూర్చుంది. ఉత్సాహం వచ్చాక వెళ్ళలేదు. వెళ్ళాక కొద్దికొద్దిగా వచ్చింది. పీటర్ లూయిన్‌సన్ వంటి మనస్తత్వవేత్తలు 1970ల నుంచి కుంగుబాటు గురించి చెప్తూ వచ్చింది ఇదే: మనసు బాగయ్యాక పని చేద్దామని ఆగితే ఆ రోజు రావడం కష్టం, చిన్న పని ముందు నడిస్తే మనసు దాని వెనక వస్తుంది.

రాసుకున్నాక ఒక ప్రశ్న వేసుకోండి: “ఈ వారం ఇది చేస్తానని నాకు పదికి ఎంత నమ్మకం?” ఏడు కన్నా తక్కువ వస్తే పనిని చిన్నది చెయ్యండి. అరగంటని పది నిమిషాలు చెయ్యండి. అదీ ఏడు రాకపోతే, సూదీ దారం అరుగు మీద పెట్టి లోపలికి వచ్చేయండి. సిగ్గుపడాల్సిందేం లేదు.

ఒకేసారి రెండు లక్ష్యాలు మించవద్దు. ఒకటైతే ఇంకా మంచిది.

6. ‘ఇది అవ్వగానే, అది’

పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో రాసిన ఒక పరిశోధనా వ్యాసం చాలా చిన్న కిటుకు చూపించింది. ‘వ్యాయామం చేస్తాను’ అనుకోవడం కన్నా, ‘ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను’ అని ముందే ముడివేసుకుంటే పని జరిగే అవకాశం బాగా పెరుగుతుంది. గడియారానికి కాకుండా, ఇంట్లో ఎలాగూ జరిగే పనికి ముడివెయ్యండి. మా దగ్గర గడియారం కన్నా అదే నమ్మకం: “సాయంత్రం కుళాయి నీళ్ళు పట్టడం అవ్వగానే అరుగు మీద కూర్చుంటాను.” “చెరువుకి పొద్దుటి మేత వేసి రాగానే కాళ్ళు కడుక్కుని కుర్చీలో కూర్చుంటాను, తర్వాతే గ్లాసు పట్టుకుంటాను.”

అడ్డం వచ్చేదాన్ని కూడా ముందే రాయండి. సాధించినట్టు ఊహించుకుని మురిసిపోతే ఊపు తగ్గుతుందని గాబ్రియేలె ఓటింగెన్ అనే మనస్తత్వవేత్త పరిశోధనలు చెప్తాయి. కోరిక పక్కనే, దానికి అడ్డుపడే నా స్వభావం ఏమిటో పెట్టి చూడాలి. “తమ్ముడు ఫోన్ చేసి వీసా మాట ఎత్తితే, ‘ఆదివారం మాట్లాడదాం’ అని పెట్టేసి అరుగు మీదకి వెళ్తాను.” ఇది ఆవిడ రాసుకున్నదే.

అడ్డంకుల్లో మన డెల్టాకి తనదైన పంచాంగం ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకోని లక్ష్యం నిలవడం నేను చూడలేదు. జూన్‌లో కాలవలకి నీళ్ళొస్తాయి. జూలైలో ఊడ్పులు, అదే వేళకి పైనుంచి వరద. లంకల్లోవాళ్ళకి జూలై నుంచి సెప్టెంబరు దాకా ఏ వారం ఎక్కడుంటారో తెలియదు. నవంబరు, డిసెంబరు సార్వా (మొదటి పంట) కోతలు, వెంటనే దాళ్వా (రెండో పంట) నాట్లు. ఏప్రిల్ చివరికి కాలవలు కట్టేస్తారు, అప్పుడు పెళ్ళిళ్ళు. కొత్త లక్ష్యం మొదలుపెట్టడానికి ఊడ్పుల వారం, కోతల వారం వద్దు. పాతదాన్ని −1 దగ్గర నిలబెట్టుకుంటే చాలు.

తాగుడు తగ్గించుకునేవాళ్ళ విషయంలో ఇది మరీ ముఖ్యం. జనవరి 1న మానతామని ఒట్టు పెట్టుకుంటారు. పన్నెండు రోజుల్లో భోగి. ఊరంతా కోడిపందేల బరుల దగ్గర ఉంటుంది, హైదరాబాద్ నుంచి స్నేహితులు దిగుతారు, సీసా చేతిలో పెడతారు. కనుమ రోజుకి ఒట్టు పోతుంది, “నా వల్ల కాదు” అన్న నమ్మకం మిగులుతుంది. సంక్రాంతిని దాటే ఏర్పాటు డిసెంబరులోనే రాసుకోవాలి: ఆ మూడు రోజులు పగలు ఎవరితో ఉంటాను, ఎవరి బండి మీద ఇంటికి వస్తాను, గ్లాసు అందిస్తే ఏ మాట అంటాను. “డాక్టరు మందులు వాడుతున్నాను, పడదు” అన్న ఒక్క వాక్యం ముందే నోటికి అలవాటు చేసుకున్నవాళ్ళు గట్టెక్కడం చూశాను.

7. థెరపీ గదిలో అడగాల్సినవి

మొదటి రెండు మూడు సెషన్లు అయ్యేసరికి “మనం దేని కోసం పనిచేస్తున్నాం? అది అవుతోందని ఎలా తెలుస్తుంది?” అని మీరే అడగండి. జవాబు మీకు అర్థమయ్యే తెలుగులో రావాలి. డాక్టరు ముందు నోరెత్తడం మనకి అలవాటు లేదని నాకు తెలుసు. చీటీ మీద రాసుకొచ్చి చదవండి. లక్ష్యం మీకు నచ్చకపోతే ‘సరేనండి’ అని ఇంటికెళ్ళి మానెయ్యడం కన్నా, “ఇది నా వల్ల కాదనిపిస్తోందండి” అనడమే ఇద్దరికీ మేలు.

క్లినికల్ సైకాలజిస్టుకి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆ నంబరు అడగవచ్చు. మందులు రాసేది సైకియాట్రిస్టు. కుంగుబాటు తీవ్రంగా ఉంటే మందులూ మాటలూ రెండూ కావాల్సి రావచ్చు. మందులు వేసుకుంటే లక్ష్యం వదిలేసినట్టు కాదు.

కొలుచుకోడానికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి వాడతారు. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, ఎక్కువ వస్తే కుంగుబాటు ఎక్కువ ఉన్నట్టు. నెలకోసారి నింపి, నోట్‌బుక్‌లో తారీఖుతో రాసుకోండి. మనసు “ఏం మారలేదు” అన్నప్పుడు 19 నుంచి 13కి దిగిన అంకె కళ్ళెదుట ఉంటుంది.

8. తప్పిన రోజు

లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక చిన్న అలవాటు ఒంటబట్టడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా. 21 రోజుల్లో అలవాటైపోతుందని తిరిగే మాట నమ్మి తనని తాను నిందించుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. అదే అధ్యయనంలో ఇంకో సంగతుంది: ఒక్క రోజు తప్పినంత మాత్రాన అలవాటు పెరగడం పెద్దగా దెబ్బతినలేదు. తప్పిన మర్నాడు ఏం చేస్తారన్నదే రాసిపెట్టుకోండి.

9. మూడు హెచ్చరికలు

ఇది చివరి మెట్టు. నాకు మాత్రం అన్నిటికన్నా ఇదే ముఖ్యం. కాస్త తేరుకున్నాక మనుషులు నోట్‌బుక్ మూసేస్తారు. కుంగుబాటు చాలామందికి మళ్ళీ వస్తుంది. వచ్చేటప్పుడు ఒక్కసారిగా రాదు.

గోదావరి ఎలా వస్తుందో మనకి తెలుసు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఒక్కో హెచ్చరికకీ చెయ్యాల్సింది వేరు. మొదటిదానికి గొడ్లని మెరక మీదకి తోలతారు, రెండోదానికి సామాను సర్దుతారు, మూడోదాని దాకా పడవ కోసం ఆగరు. 2022 జూలైలో మూడోది దాటిన రోజున ఇల్లు వదిలినవాళ్ళని అడగండి, ముందురోజు ఏం చేసి ఉండాల్సిందో చెప్తారు.

మీ మనసుకి కూడా ఇలా మూడు మట్టాలు రాయండి. మొదటిది బయటివాళ్ళకి కనిపించనంత చిన్న మార్పు. రెండోది ఇంట్లోవాళ్ళకి కనిపించేది. మూడోది మీరొక్కరే ఉండకూడని స్థితి. ఒక్కోదాని పక్కన చెయ్యాల్సిన పని, చెప్పాల్సిన మనిషి పేరు, ఫోన్ నంబరు. బాగున్న రోజుల్లో రాయాలి, మట్టం పెరిగాక చెయ్యి ఆడదు. ఒక కాగితం మీ దగ్గర, ఒకటి ఇంట్లో మీరు నమ్మే మనిషి దగ్గర ఉండాలి.

రొయ్యల రైతు తనది చెరువు గట్టు మీది షెడ్డులో, ఏరేటర్ స్విచ్చుల పక్కన అంటించాడు. మూడోదాని ఎదురుగా 14416, తన బావమరిది నంబరు, ‘షెడ్డులోని మందు డబ్బాలు ఆడికి అప్పజెప్పాలి’ అని. రెండోదాని ఎదురుగా ‘కుర్రాడి వంతు రాత్రి కూడా నేనే కాపలా కాస్తంటే: మేడంగారి కాడికి ఎల్లాలి’ అని. మొదటిది భార్య చేత రాయించాడు, ఎందుకంటే అది ముందు ఆవిడకే కనబడుతుంది: ‘వరసగా మూడు రోజులు నిలబడి టీ తాగితే, కుర్చీ తెచ్చి పక్కన వెయ్యాలి.’